వ్యాయామ పుస్తకం: అన్నమయ కోశానికి ఒక చిట్టా



రామకోటి రాసే సంప్రదాయం తెలుగునాట నేటికీ సజీవంగా ఉన్నది. హిందూపురంలోనైనా, పెనుకొండలోనైనా, ధర్మవరంలోనైనా సంధ్యాదీపం వెలిగించిన తరువాత గడుల పుస్తకం తెరచి, గడికొక నామం చొప్పున రాసుకునే తల్లులు, విశ్రాంత జీవితం గడిపే వృద్ధులు కనిపిస్తారు. దినానికి 1,000 నామాలు రాసేవారికి కోటి పూర్తి కావడానికి 10,000 దినాలు, అంటే 27 సంవత్సరాలకు పైగా పడుతుంది. అంతటి దీర్ఘదీక్షను కేవలం జ్ఞాపకశక్తిపై నిలపడం ఎవరికీ సాధ్యం కాదు. నిన్న ఎక్కడ ఆగిందో, నేడు ఎక్కడ ఆరంభించాలో పుస్తకమే చెబుతుంది. అందుకే ఆ పుస్తకాన్ని పూజామందిరంలో ఉంచి నమస్కరిస్తారు.

అదే ఇంటిలో ఒక యువకుడు మరొక పుస్తకం తెరుస్తున్నాడు. వ్యాయామశాలలో ఏ దినం ఎంత బరువు ఎత్తాడో, ఎన్ని ఆవృత్తులు చేశాడో, ఎన్ని విడతలు పూర్తి చేశాడో అందులో రాసుకుంటున్నాడు. దానిని చూసిన పెద్దలకు నవ్వు వస్తుంది. “నామం రాస్తే పుణ్యమొస్తుంది. ఇనుము లెక్క రాస్తే ఏమొస్తుంది నాయనా?” అని అడుగుతారు. పరిహాసంగా అడిగినా ఆ ప్రశ్నలో నిజమైన ధర్మసంశయం దాగి ఉన్నది. దేహబలాన్ని పెంచుకుంటూ, ఆ పెంపును కాగితంపై లెక్కించుకోవడం సాధనలో అంగమా, లేక దేహాభిమానానికి పోషణమా? మీమాంసకులు ఏ అంశాన్నైనా విషయం, సంశయం, పూర్వపక్షం, సిద్ధాంతం అనే క్రమంలో పరిశీలిస్తారు. ఈ అంశమూ ఆ క్రమానికి అర్హమైనదే.

బలం ఆదరణీయమా?

ముందుగా తేలవలసినది బలం విషయమే. ఆధ్యాత్మిక మార్గంలో ఉన్నవారు దేహాన్ని ఉపేక్షించాలనే భావన లోకంలో ప్రబలంగా ఉన్నది. శ్రుతి మాత్రం వేరుగా పలుకుతున్నది. బలహీనునికి ఆత్మలాభం కలగదని ముండకోపనిషత్తు స్పష్టంగా ప్రకటించింది. అక్కడి బలశబ్దానికి ఆత్మనిష్ఠ వలన కలిగే సామర్థ్యమని భాష్యకారులు అర్థం చెప్పారు. ఆ అర్థం ఆదరణీయమే. అయితే ఛాందోగ్యంలో సనత్కుమారుడు నారదునికి ఉపదేశించిన ఘట్టంలో బలానికి మరింత విస్పష్టమైన స్థానం లభించింది. విజ్ఞానం కంటే బలం గొప్పదని చెప్పి, మహర్షి దానికి కారణం కూడా చూపాడు. బలం ఉన్నవాడు లేవగలడు. లేచినవాడు గురువును సేవించగలడు. సేవించినవాడు సమీపంలో కూర్చుని చూడగలడు, వినగలడు, మననం చేయగలడు. శ్రవణ మననాలకు మొదటి మెట్టు లేచి నిలబడగలగడమే. మోకాళ్ళు పట్టేసినవానికి ఆ మొదటి మెట్టే భారమవుతుంది.

తైత్తిరీయంలోని ఆనందవల్లి మానుషానందానికి కొలమానం నిర్ణయించినప్పుడు విద్యావంతుడైన, దృఢకాయుడైన, బలిష్ఠుడైన సాధుయువకుణ్ణి ప్రమాణంగా తీసుకున్నది. గీతాచార్యుడు కామరాగాలు లేని బలం తన స్వరూపమేనని అర్జునునికి చెప్పాడు. బలాన్ని శాస్త్రం నిందించలేదు. బలానికి కామం తోడైనప్పుడు ఆ కామాన్నే నిందించింది.

ఈ ప్రాంతానికి ఈ విషయంలో ఒక చారిత్రక స్మృతి కూడా ఉన్నది. ఘనగిరి అని సంస్కృతంలో వ్యవహరించే పెనుకొండ విజయనగర ప్రభువుల దుర్గం. 1565లో రక్కసి తంగడి యుద్ధం తరువాత తిరుమలరాయలు రాజధానిని ఇక్కడికే తరలించాడు. ఆ రాజ్యాన్ని 1509 నుండి 1529 వరకు పాలించిన శ్రీకృష్ణదేవరాయల ప్రాతఃకాల చర్యను పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ వర్ణించాడు. తెల్లవారక ముందే రాయలు నువ్వులనూనె త్రాగి, దేహమంతా నూనె మర్దనం చేయించుకొని, మట్టితో చేసిన పెద్ద బరువులను చేతులతో ఎత్తేవాడు. ఆ పైన ఖడ్గసాధన చేసి, నూనె అంతా చెమటగా బయటికి వచ్చిన తరువాత మల్లునితో కుస్తీ పట్టేవాడు. తెల్లవారేవరకు గుర్రపు స్వారీ చేసేవాడు. అటు తరువాత స్నానం చేసి దేవతార్చనకు వెళ్ళేవాడు. వ్యాయామం, స్నానం, అర్చన అనే ఈ క్రమం గమనించదగినది. ఆముక్తమాల్యద రచించిన భక్తకవి దినచర్యలో ఇనుముకు బదులు మట్టి బరువులు ఉన్నాయన్నదే నేటికీ నాటికీ భేదం.

దేవాలయ జీవితాన్ని దగ్గరగా చూసినవారికి ఈ విషయం మరింత సులభంగా బోధపడుతుంది. అభిషేకానికి నీటి బిందెలు మోయాలి. ఉత్సవమూర్తిని పీఠం నుండి పల్లకికి దించాలి. వాహనసేవలో దండెలను భుజాలపై పెట్టుకొని వీధులన్నీ తిరగాలి. ధర్మవరంలో లక్ష్మీ చెన్నకేశవస్వామి రథం కదలాలన్నా, కదిరిలో నరసింహస్వామి బ్రహ్మరథం కదలాలన్నా భక్తి ఒక్కటే చాలదు. మోకులను పట్టి లాగే భుజాలు కావాలి. అనేక గ్రామాలలో నేడు మోసేవారు తగ్గి, స్వామి ట్రాక్టరుపై ఊరేగుతున్నాడు. దేహబలాన్ని తక్కువగా చూసే సంప్రదాయం కొంతకాలానికి స్వామిని మోసే భుజాన్ని కూడా పోగొట్టుకుంటుంది.

పూర్వపక్షం

బలం ఆదరణీయమే అనుకుందాం. దానిని పుస్తకంలో లెక్కించడం ఎందుకు? ఇక్కడ నాలుగు ఆక్షేపాలు వస్తాయి.

మొదటిది: వేదసంప్రదాయం లిఖితాన్ని నమ్మదు. రాసినదానిని చూసి పఠించేవాణ్ణి పాణినీయ శిక్ష అధమ పాఠకులలో చేర్చింది. గురుముఖతః సంత చెప్పుకొని, వల్లె వేసి, హృదయస్థం చేసుకున్నదే విద్య. అట్టి సంప్రదాయంలో పుట్టినవారికి పుస్తకంపై ఆధారపడటం తగునా?

రెండవది: లెక్క ఫలాపేక్షను పెంచుతుంది. కర్మయందే అధికారమని, ఫలమునందు లేదని గీత బోధించగా, వారం వారం సంఖ్యలు పెరిగాయా లేదా అని చూసుకోవడం ఫలచింతన కాదా?

మూడవది: సంఖ్య పెరిగినకొద్దీ అహంకారం పెరుగుతుంది. తోటివానికంటే 10 కిలోలు ఎక్కువ ఎత్తానన్న గర్వం చిత్తాన్ని మలినం చేస్తుంది.

నాలుగవది: ఒకవేళ లెక్క అవసరమే అయినా, చేతిలోని ఫోను ఆ పని సులభంగా చేస్తుంది. కలం, కాగితం ఎందుకు?

సిద్ధాంతం

మొదటి ఆక్షేపానికి సమాధానం శిక్షాశాస్త్రంలోనే ఉన్నది. లిఖితపాఠకుణ్ణి నిందించడానికి కారణం స్వరం. ఉదాత్త అనుదాత్త స్వరితాలు, మాత్ర, బలం, సంతానం అనేవి అక్షరం ద్వారా సంక్రమించవు. గురువు కంఠం నుండి శిష్యుని చెవికి మాత్రమే చేరతాయి. వ్యాయామంలోనూ దీనికి సమానమైన అంశం ఒకటి ఉన్నది. బరువును ఎలా ఎత్తాలి, వెన్నెముకను ఎలా నిలపాలి, శ్వాసను ఎప్పుడు విడవాలి అనేవి ఏ పుస్తకమూ నేర్పలేదు. అవి ఎదురుగా నిలిచి సరిదిద్దే శిక్షకుని వద్దే నేర్వాలి. పుస్తకం రంగంలోకి వచ్చేది ఆ తరువాత, నేర్చినదానిని తాను నిజంగా ఆచరించాడా లేదా అనే ప్రశ్న వద్ద.

ఆ ప్రశ్న వ్యవహారకాండకు చెందినది. వివాదంలో సత్యాన్ని నిర్ణయించడానికి యాజ్ఞవల్క్య స్మృతి లిఖితం, భుక్తి, సాక్షులు అనే మూడు ప్రమాణాలను అంగీకరించింది. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షరా వ్యాఖ్యను 13వ శతాబ్దంలోనే కేతన విజ్ఞానేశ్వరీయంగా తెనిగించాడు. వాది తన నోటితో తాను చెప్పుకున్నది ఆ ప్రమాణాలలో లేదు, ఎందుకంటే అతడు స్వార్థం ఉన్నవాడు. వ్యాయామం చేసేవాని జ్ఞాపకం కూడా స్వార్థం ఉన్న వాది వంటిదే. “ప్రతిదినమూ చేస్తున్నాను, అయినా ప్రయోజనం లేదు” అని అది చెబుతుంది. పుస్తకం తెరచి చూస్తే నెలలో 11 దినాలు మాత్రమే తేదీలు కనిపించవచ్చు. “గత నెల కంటే చాలా పెరిగాను” అని అది చెబుతుంది. పుస్తకంలో అదే 40 కిలోలు, అవే 8 ఆవృత్తులు ఉండవచ్చు. పతంజలి మహర్షి యోగాంతరాయాలలో భ్రాంతిదర్శనం, అలబ్ధభూమికత్వం, అనవస్థితత్వం అని మూడింటిని చెప్పాడు. లేనిదానిని ఉన్నదనుకోవడం, చేరవలసిన భూమికకు చేరకపోవడం, చేరినదానిలో నిలవకపోవడం అని వాటి తాత్పర్యం. రాసే అలవాటు ఉన్నవాడు ఈ మూడింటినీ తన చేతిరాతలోనే గుర్తించగలడు.

రెండవ ఆక్షేపానికి సమాధానం కర్మకు, ఫలానికి మధ్య గల భేదంలో ఉన్నది. భుజాల చుట్టుకొలత, అద్దంలోని రూపం, ఇతరుల ప్రశంస: ఇవి ఫలాలు. బరువు, ఆవృత్తి, విశ్రాంతి, నిద్ర: ఇవి కర్మ. పుస్తకంలో కర్మనే రాయాలి. జపం చేసేవాడు ఎన్ని మాలలు తిప్పాడో లెక్కిస్తాడు. ఎంత పుణ్యం వచ్చిందో లెక్కించడు. వైదిక కర్మలన్నీ సంకల్పంతో ఆరంభమవుతాయి. కల్పం, మన్వంతరం, సంవత్సరం, మాసం, పక్షం, తిథి, వారం, నక్షత్రం, తాను నిలిచిన ప్రదేశం చెప్పి, ఏ కర్మ చేయబోతున్నాడో ప్రకటించిన తరువాతే కర్త ఆచమనం దాటి ముందుకు వెళతాడు. దేశకాలాలను, చేయబోయే పనిని స్పష్టంగా పలికే ఈ పద్ధతిలో ఫలచింతన ఉన్నదని ఎవరూ అనరు. పుటపై తేదీ వేసి నేటి వ్యాయామాన్ని ముందుగా రాసుకోవడం ఆ సంకల్పానికి లౌకికమైన ఛాయ.

మూడవ ఆక్షేపం బలమైనది. అహంకారం నిజంగానే పుడుతుంది. అయితే అది పుట్టేది రాతలో కాదు, ప్రదర్శనలో. ఒంటరిగా రాసుకున్న పుస్తకం మనిషికి గర్వం కంటే వినయాన్నే ఎక్కువగా నేర్పుతుంది, ఎందుకంటే అందులో ఎత్తలేకపోయిన బరువులు కూడా ఉంటాయి. శ్రీకాకుళ ప్రాంతం నుండి వచ్చిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్ క్రీడలలో 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్య పతకం పొందింది. ఒలింపిక్ పతకం సాధించిన మొదటి భారతీయ మహిళ ఆమె. స్వర్ణం, రజతం పొందిన ఇద్దరూ ఎత్తినది 242.5 కిలోలు. ప్రపంచస్థాయిలో మొదటి స్థానానికీ మూడవ స్థానానికీ మధ్య ఉన్నది రెండున్నర కిలోలే. అంత సూక్ష్మమైన భేదంపై జీవితకాలపు శ్రమ ఆధారపడి ఉన్నప్పుడు, “సుమారుగా ఇంత ఎత్తాను” అనే మాటకు విలువ లేదు. సూక్ష్మంగా కొలిచేవానికి తన పరిమితి కూడా సూక్ష్మంగానే తెలుస్తుంది. తన పరిమితి తెలిసినవానికి గర్వించడానికి తీరిక ఉండదు.

నాలుగవ ఆక్షేపానికి సమాధానం ప్రత్యాహారంలో ఉన్నది. ఫోను లెక్కించగలదు, దాని లెక్కలో దోషం లేదు. కానీ లెక్క కోసం దానిని తెరచిన ప్రతిసారీ వందమంది పిలుస్తారు. రెండు విడతల మధ్య విశ్రాంతి రెండు మూడు నిమిషాలు. ఆ వ్యవధిలో శ్వాస స్థిమితపడాలి, మనస్సు రాబోయే ప్రయత్నంపై నిలవాలి. అప్పుడే ఒక సందేశం, ఒక దృశ్యం, పరాయి దేహాల ప్రదర్శన కళ్ళముందుకు వస్తాయి. ఇంద్రియాలు బయటికి పరుగెత్తుతాయి. కాగితం ఎవరినీ పిలవదు, ఎవరికీ చూపదు, ఎవరి మెప్పునూ తేదు. చెమట చేతితో రాసిన వంకర అంకెలలో ఆ దినపు అలసట కూడా నిలిచిపోతుంది. చేత్తో రాయడానికి పట్టే కొద్ది క్షణాలే ఆత్మపరీక్షకు అవకాశం.

రాసే విధానం

హిందూపురం చింతపండు, మిరప మండీలలో లెక్కలు రాసిన పాతతరం గుమాస్తాలకు చిట్టా, ఆవర్జా అనే రెండు మాటలు సుపరిచితం. చిట్టా ఏ దినానిదానిని ఆ దినమే రాసుకునే పుస్తకం. ఆవర్జా ఆ పద్దులను వర్గీకరించి ఎక్కించుకునే పుస్తకం. వ్యాయామానికీ ఈ రెండూ కావాలి. దినం దినం చిట్టా రాయాలి. నెలకొకసారి పూర్ణిమనాడో అమావాస్యనాడో కూర్చుని ఆవర్జాకు ఎక్కించాలి. చిట్టా మాత్రమే రాసి ఆవర్జా చూడనివాడు అంకెల సేకరణ చేస్తున్నాడే తప్ప ఆత్మపరీక్ష చేయడం లేదు.

ఒక పద్దు ఇలా ఉండవచ్చు: తేదీ, తిథి, భుజాలపై బార్ ఉంచి బస్కీలు, 40 కిలోలు, మొదటి విడత 8, రెండవది 8, మూడవది 7, రాత్రి నిద్ర 6 గంటలు, ఎడమ మోకాలిలో స్వల్ప నొప్పి. ఈ ఒక్క పద్దులో రాబోయే దినపు నిర్ణయం ఇమిడి ఉన్నది. మూడవ విడతలో 7 మాత్రమే వచ్చాయి కనుక బరువు పెంచరాదు. మోకాలు నొప్పి వరుసగా మూడు పద్దులలో కనిపిస్తే ఆ వ్యాయామాన్ని ఆపి వైద్యుని చూడాలి. మూడు విడతలలోనూ 8 పూర్తయినప్పుడు 2.5 కిలోలు పెంచవచ్చు. నెలకు ఇంతే పెరిగినా సంవత్సరానికి 30 కిలోలు అవుతుంది. అనుభవం పెరిగినకొద్దీ ఆ వేగం తగ్గుతుంది, అది సహజం. తొందరపడి ఒకే వారంలో 20 కిలోలు పెంచినవాడు సాధారణంగా నెల తరువాత పుస్తకంలో రాసేది వైద్యుని వద్ద గడిపిన దినాలే.

ఈ క్రమవృద్ధి సూత్రాన్ని ఆధునిక వైద్యమూ అంగీకరించింది. అమెరికా సైనిక వైద్యుడు థామస్ డిలోర్మ్ గాయపడిన సైనికుల కండరబలాన్ని పునరుద్ధరించడానికి బరువులను ప్రయోగించి, ఆ పద్ధతిని 1945లో ప్రకటించాడు. ఒక వ్యక్తి సరిగా పది సార్లు మాత్రమే ఎత్తగలిగిన బరువును కొలిచి, దానిని ఆధారంగా చేసుకొని బరువును క్రమంగా పెంచడం ఆ పద్ధతి. కొలవకుండా, రాయకుండా ఇది ఒక్క వారం కూడా సాగదు. తరువాత 1948లో వాట్కిన్స్‌తో కలిసి అతడు మూడు విడతలను సూచించాడు: మొదటిది ఆ బరువులో సగంతో, రెండవది ముప్పావుతో, మూడవది పూర్తి బరువుతో.

అష్టాంగహృదయంలో వాగ్భటాచార్యుడు వేరొక కోణం నుండి మితాన్ని బోధించాడు. బలవంతుడు, స్నిగ్ధాహారం తినేవాడు శీతకాలంలో, వసంతంలో తన శక్తిలో సగం వరకే వ్యాయామం చేయాలి. ఇతర ఋతువులలో అంతకన్న తక్కువే చేయాలి. నుదుట, ముక్కున, చంకలలో చెమట పట్టడం, నోరు ఎండడం అర్ధశక్తికి గుర్తులని ఆయుర్వేదం చెబుతున్నది. ఎండలు మండిపోయే రాయలసీమలో ఋతుభేదాన్ని పాటించడం మరింత అవసరం. పుస్తకంలో తిథి, మాసం రాసుకున్నవానికి రెండు మూడు సంవత్సరాల తరువాత తన దేహం ఏ ఋతువులో ఎలా స్పందిస్తుందో తెలుస్తుంది. అది పరాయివారి గ్రంథంలో దొరికే జ్ఞానం కాదు.

విశ్రాంతి దినాలనూ రాయాలి. వేదాధ్యయనంలో పాడ్యమి, అష్టమి, చతుర్దశి, పర్వదినాలు అనధ్యయన దినాలు. ఆ దినాలలో కొత్త పాఠం చెప్పరు. అది సోమరితనం కాదు. నేర్చినది లోపల స్థిరపడటానికి ఇచ్చిన విరామం. కండరానికీ అనధ్యయనం ఉన్నది. బరువు ఎత్తినప్పుడు అది అలసిపోతుంది. విశ్రాంతిలో, ఆహారంలో, నిద్రలో బలపడుతుంది. “నేడు అనధ్యయనం” అని పుటపై రాసినవాడు మరునాడు అపరాధభావం లేకుండా తిరిగి ఆరంభిస్తాడు. ఏమీ రాయనివానికి ఒక దినపు విరామం తెలియకుండానే ఒక నెల అవుతుంది.

మూడు పట్టణాలు, మూడు దేహాలు

ఒకరి పద్దు మరొకరికి పనికిరాదు. ధర్మవరంలో గుంత మగ్గంపై కూర్చుని పట్టుచీర నేసేవాని నడుము, మోకాళ్ళు, భుజాలు అప్పటికే దినమంతా శ్రమిస్తున్నాయి. అతడు వ్యాయామశాలకు వెళ్ళకపోయినా వెన్నును బలపరచే కొద్దిపాటి అభ్యాసం చాలు. దానితోపాటు మగ్గంపై గడిపిన గంటలను కూడా అతడు రాసుకోవాలి. నేతగానికి కాగితం విలువ ఎవరూ చెప్పనక్కరలేదు. జకార్డు మగ్గంలో అంచుపై హంసలు, మామిడిపిందెలు తేలడానికి ఆధారం రంధ్రాలు పొడిచిన అట్టల వరుస. ఒక్క అట్ట క్రమం తప్పితే బుటా చెడుతుంది. దీర్ఘమైన పనికి రూపం నిలిపేది లిఖితమైన క్రమమేనని ఆ మగ్గం దినం దినం చూపుతున్నది.

పెనుకొండ సమీపంలోని ఎర్రమంచి వద్ద 2019లో ఉత్పత్తి ఆరంభించిన కార్ల కర్మాగారం, దాని చుట్టూ వెలసిన పరిశ్రమలు వేలమంది యువకులకు జీవనాధారమయ్యాయి. షిఫ్టు మారినప్పుడల్లా నిద్ర మారుతుంది. అట్టివాని పుస్తకంలో బరువు కంటే నిద్రాగంటల పద్దు ముఖ్యం. హిందూపురంలో దుకాణపు గద్దెపై దినమంతా కూర్చునే వర్తకునికి ఇంకొక లెక్క కావాలి. 60 దాటిన వృద్ధునికి, వృద్ధురాలికి ఇనుమే అక్కరలేదు. చేతులు ఆనించకుండా కుర్చీ నుండి ఎన్నిసార్లు లేవగలిగారో, నీటి బిందె ఎంత దూరం మోయగలిగారో, కొండ మెట్లలో ఎక్కడ ఆగారో రాసుకుంటే అదే వారి చిట్టా. రక్తపోటు, హృద్రోగం ఉన్నవారు మాత్రం వైద్యుని అనుమతితోనే ఆరంభించాలి. దేహాన్ని హింసించే తపస్సును గీత తామసమన్నది. కండలు త్వరగా పెరగాలని ఔషధాల సూదులు పొడిపించుకొని, పుస్తకంలో బరువు మాత్రమే రాసుకునేవాడు దొంగలెక్క రాస్తున్నవాడే.

కోశాధికారి బాధ్యత

హిందూపురానికి సమీపంలోని లేపాక్షి వీరభద్రాలయాన్ని అచ్యుతదేవరాయల కాలంలో విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు నిర్మింపజేశారు. విరూపణ్ణ గురించి ఒక జనశ్రుతి నేటికీ ఆ ప్రాకారంలో వినబడుతుంది. రాజధనాన్ని అనుమతి లేకుండా ఆలయానికి వెచ్చించాడని కోశాధికారియైన విరూపణ్ణపై అభియోగం వచ్చిందని, రాజు శిక్ష విధించకముందే అతడు తన కళ్ళను తానే గోడకు విసిరాడని చెబుతారు. అసంపూర్ణంగా మిగిలిన కల్యాణమంటపం సమీపంలోని గోడపై ఎర్రని మరకలను యాత్రికులకు చూపుతారు. అది జనశ్రుతియే. అయినా లోకం ఆ కథను ఇన్ని శతాబ్దాలు ఎందుకు మోసింది? ఎంత పవిత్రమైన పనికైనా, పరాయి ధనాన్ని వెచ్చించినవాడు లెక్క చూపవలసి ఉంటుందనే భయభక్తులు అందులో ఉన్నాయి.

వేదాంతం దేహాన్ని అన్నమయ కోశమన్నది. కోశమంటే ఒర, కోశమంటే ధనాగారం కూడా. ఈ దేహం జీవుడు ఆర్జించిన సొత్తు కాదు. ఈశ్వరానుగ్రహంతో, తల్లిదండ్రుల అన్నంతో లభించిన నిక్షేపం. జీవుడు దానికి కోశాధికారి మాత్రమే. కొందరు దానిని వ్యసనాలకు వెచ్చిస్తారు. కొందరు సోమరితనంతో తుప్పు పట్టిస్తారు. కొందరు అద్దం ముందు అలంకరించి ఆ ధనం తమదేనని భ్రమిస్తారు. ఈ ముగ్గురికీ లెక్క లేదు. లెక్క రాసేవాడు మాత్రం ప్రతి పుటలోనూ ఈ ధనం తనది కాదని, దీనికి జవాబు చెప్పుకోవాలని ఒప్పుకుంటున్నాడు. వ్యాయామ పుస్తకం సాధనా పుస్తకమయ్యేది ఈ ఒక్క భావం వలననే. ఆ భావం లేకుంటే అది అంకెల పట్టిక.

క్షయం రాసే పుటలు

ఈ పుస్తకం పెరుగుదలకే పరిమితమనుకోవడం పొరపాటు. ఏదో ఒక సంవత్సరం సంఖ్యలు ఆగుతాయి. తరువాత తగ్గడం ఆరంభిస్తాయి. 80 ఎత్తినవాడు 60 వద్ద నిలుస్తాడు, ఆ పైన 40 వద్ద. చాలామంది పుస్తకం మూసివేసేది అప్పుడే. అసలు అధ్యయనం ఆరంభమయ్యేది కూడా అప్పుడే. కౌమారం, యౌవనం, జర అనే అవస్థలు దేహానికే గాని దేహికి కావని గీత రెండవ అధ్యాయంలో చదివినవారు ఎందరో ఉన్నారు. దానిని తన చేతిరాతలో, 30 సంవత్సరాల పద్దులలో చదువుకున్నవాడు అరుదు. పెరిగిన అంకెను రాసినదీ, తరిగిన అంకెను రాసినదీ ఒకే చేయి. రెండింటినీ చూసినవాడు ఒక్కడే. అతడు పెరగలేదు, తరగలేదు. ఆ సాక్షిని గుర్తించిననాడు పుస్తకం తన పనిని పూర్తి చేసినట్లే.

కనుక ఇంటిలో పిల్లవాడు వ్యాయామ పుస్తకం తెరచినప్పుడు పెద్దలు పరిహసించవద్దు. ఎంత బరువు ఎత్తావని కూడా అడగవద్దు. ఆ ప్రశ్నే వానికి ప్రదర్శన నేర్పుతుంది. నొప్పి ఎక్కడ అని రాశావు, ఎన్ని గంటలు నిద్రపోయావు, తప్పిన దినాలను దాచకుండా రాశావా అని అడగాలి. ఈ మూడింటికి నిజం చెప్పగలిగిన యువకుడు రేపు జపసంఖ్యనూ, ధనాన్నీ, ఇతరులు నమ్మి అప్పగించిన బాధ్యతనూ అదే నిజాయితీతో లెక్కిస్తాడు. పెద్దలకు కూడా ఇంకా సమయం మించిపోలేదు. పది రూపాయల పుస్తకం, ఒక కలం, కుర్చీ నుండి లేచిన సంఖ్య చాలు.

స్వస్తి.